గిటారక్క ఎంచిన గిటారు

"ఇవ్వను. నువ్వు సాయంత్రందాకా ఆ గుమ్మంలో నిలబడ్డా ఇవ్వను" అంది గిటారక్క.

ఊళ్ళో గిటారు పట్టుకున్న ప్రతివాడూ ఆమెను ఆ పేరుతోనే పిలుస్తాడు. మెడ వంగిన గిటారు, గొంతు పోయిన గిటారు, కిందపడి పగిలిన గిటారు, ఏదైనా ఆమె ముందుగదికి రావలసిందే. అయితే అక్కా అని పిలిచే అసలు హక్కు మాత్రం ఒక్కడికే ఉంది. ఆ ఒక్కడే ఇప్పుడు భుజానికి ఖాళీ గిటారు సంచీ తగిలించుకుని, లోపలికి రావాలో వద్దో తేలక నిలబడి ఉన్నాడు.

"అక్కా, రెండింటికి రిహార్సలు. ఏడింటికి ప్రోగ్రాం. మొదటిరోజే ఆ కొత్త గిటారు లేకుండా వెళ్తే హోటలు మేనేజరు ఊరుకోడు."

"పాతది వాయించు. పక్కన మీ బావ కీబోర్డు వాయిస్తాడు. పదకొండేళ్ళు అలాగేగా నడిచింది? మేనేజరు ఏమన్నా చెవులు మూసుకున్నాడా?"

మూడో తీగ మీద అక్కర్లేని స్వరాలు లేస్తున్నాయని, కాస్త చూసిపెట్టమని శనివారం తమ్ముడే ఆ గిటారు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఆమె శనివారం రాత్రికల్లా బాగుచేసేసింది. ఆదివారం పొద్దున సంగతి తెలిసింది. తెలిసిన మరుక్షణం గిటారు వెళ్ళి ఇనప బీరువాలో పడింది. తాళంచెవి ఇప్పుడు ఆమె ఏప్రాన్ జేబులో ఉంది.

"ఆదివారం నుంచి అడుగుతున్నా. ఫోను చేస్తే తర్వాత చెప్తానంటావు. నలుగురి బ్యాండు ముగ్గురిది ఎందుకైంది? మీ బావ పేరు ఎందుకు ఎగిరిపోయింది? నీ నోటితో ఒక్క ముక్క చెప్పు, తాళంచెవి నీ చేతిలో పెడతా."

"నేను చెప్పేది కాదక్కా అది."

"మరి ఎవరు చెప్తారు? గోడా?"

వంటింటి గుమ్మంలోంచి అత్తగారు అందుకుంది. అవతలి వీధివాళ్ళకి కూడా వినపడాలన్న పట్టుదల ఉంది ఆ గొంతులో.

"ఏం మొహం పెట్టుకుని చెప్తాడమ్మా? అక్క మొగుడి కూడు తీసేసి తను తిందామనుకునేవాడు! మావాడు నాలుగు రోజుల్నుంచి మంచం దిగాడా? కడుపునిండా తిన్నాడా? నోట్లో నాలుక లేనివాడు కాబట్టి సరిపోయింది. ఇంకొకడైతే నీ గిటారు నీ నెత్తిన బద్దలు కొట్టేవాడు."

తమ్ముడు ఆమె వైపు చూడలేదు. అక్క వైపూ చూడలేదు. లోపలి గది తలుపు వైపు చూశాడు. అది మూసి ఉంది.

"బావా! ఒక్కసారి బయటికి రా. నువ్వే చెప్పు" అని పిలిచాడు.

తలుపు అవతల మంచం కిర్రుమంది. అంతే.

"వాడేం చెప్తాడు? చెప్పడానికి ఏం మిగిల్చావు గనక?" అంది అత్తగారు. "పో, పోయి వాయించుకో పో."

తమ్ముడు ఖాళీ సంచీ సర్దుకుని మెట్లు దిగాడు. మూడో మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగాడు. గిటారక్క ధడాలున తలుపు వేసేసింది. వేశాక గడియ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. తనకు పదేళ్ళప్పుడు తల్లి పోతే, వాణ్ణి తన పక్కన పడుకోబెట్టుకుని పెంచింది. వాడి మొహాన తలుపు వెయ్యడం ఇదే మొదలు.

అత్తగారు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"బాధపడకమ్మాయ్. నీకు మేం లేమూ?"

గిటారక్కకు దుఃఖం పొంగుకొచ్చింది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆ చెయ్యి ఆ భుజం మీద పడింది లేదు. ఇంట్లో రంపప్పొట్టు, జిగురు వాసన, వేళాపాళా లేని మగ కస్టమర్లు అంటూ రోజూ ఏదో ఒక సణుగుడే. అలాంటిది ఈ నాలుగు రోజుల్నుంచీ అత్తాకోడళ్ళు ఒక్కమాట మీద ఉన్నారు. తమ్ముడు పోతే పోయాడు, అత్తయ్య అయినా దొరికింది అనుకుంది పిచ్చిది.

*

భర్త గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కిటికీ తెర వేసి ఉంది. పక్కన కాఫీ కప్పు పెట్టి, గిటారక్క మంచం చివర కూర్చుంది.

"విన్నారుగా. పంపించేశా."

"ఊఁ."

"ఇంకా ఎన్నాళ్ళిలా? లేవండి. మీరు తప్పు చేసినట్టు మీరెందుకు మొహం దాచుకోవాలి?"

ఆయన కదల్లేదు. మెడ వెనక జుట్టు పెరిగి కాలరు మీద పడుతోంది. ఆదివారం డ్రమ్ములాయన ఏదో పనిమీద ఫోను చేసి, మాటల్లో "గురువారం నుంచి ముగ్గురమే కదమ్మా, కొంచెం వెలితిగానే ఉంటుంది" అన్నాడు. ఆమె ఫోను పట్టుకుని ఈ గదిలోకి పరుగెత్తుకొచ్చింది. "ఏమిటండీ ఇది?" అంటే, ఈయన ఆమె మొహంలోకి ఒక నిమిషం చూసి, "మీ తమ్ముణ్ణే అడుగు" అన్నాడు. అని గోడవైపు తిరిగాడు. అప్పట్నుంచీ ఇదే వరస.

"గిటారు వాడికిచ్చెయ్" అన్నాడు ఇప్పుడు.

"ఏమిటీ?"

"ఇచ్చెయ్. గొడవలెందుకు? ఉన్న ముగ్గురైనా బాగా వాయించుకోనీ."

"మీ మంచితనమే మిమ్మల్ని ఇక్కడికి తెచ్చింది" అంది గిటారక్క. "మిమ్మల్ని తోసేసినవాడి మీద కూడా కోపం రాదా మీకు? అదొక్కటే నాకర్థం కాదు. నేను వెళ్తాను. రిహార్సలు గదిలో, అందరి ముందూ అడుగుతాను."

ఆయన చప్పున ఇటు తిరిగాడు.

"వద్దు. నువ్వక్కడికి వెళ్ళొద్దు. నా పరువు తియ్యకు."

"పరువు తీసింది నేను కాదండీ."

ఆయన ఏదో అనబోయి, కాఫీ కప్పు అందుకున్నాడు. ఆమె కాసేపు చూసి లేచి వచ్చేసింది.

*

ముందుగదిలో ఆమె పనిబల్ల, గోడకు తలకిందులుగా వేలాడుతున్న డజను గిటార్లు, ఒక్కోదాని మెడకీ ఒక చీటీ. బీరువా తలుపు తీసి గిటారు బయటికి తీసింది. మట్టిరంగు గిటారు. చూడ్డానికి ఏమీ బాగోదు. దాన్ని ఎంచింది తనే. ఆ మాట తల్చుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

సరిగ్గా మూడు వారాల కిందట తమ్ముడు వచ్చి, చిన్నప్పటిలాగే బల్ల అంచు మీద కూర్చుని కాళ్ళూపుతూ అన్నాడు. "అక్కా, సింథసైజర్ని నడిపే గిటారు కొందామనుకుంటున్నా. తీగ నేను మీటాలి, పలికేది వేణువు కావాలి, వయొలిన్ కావాలి. నాకు రంగు తప్ప ఇంకేం చూడ్డం రాదు. నువ్వే ఎంచిపెట్టు."

ఆమెకు పండగే అయింది. పెద్ద షాపుకి ముగ్గురూ వెళ్ళారు. వస్తువులు కొనడానికి బజారుకు రమ్మంటే తలనొప్పి తెచ్చుకునే భర్త, ఆ రోజు తనే ముందు తయారై కూర్చున్నాడు. బావమరిది మీద ఎంత ప్రేమో అనుకుని మురిసిపోయింది.

షాపువాడు మూడు గిటార్లు చూపించాడు. మొదటిది మామూలు గిటారే. తీగల కింద, వాటి ఊపును పట్టే ఒక సన్నటి పికప్ అతికించి, పక్కన చిన్న డబ్బా వేలాడదీశారు. "ఇది అద్దెకు తెచ్చిన నగ" అంది గిటారక్క. "ఇవాళ ఇక్కడుంటుంది, రేపు వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది. స్టేజి మీద నీ వేణువు దగ్గడం మొదలుపెడుతుంది."

రెండోది ధగధగా మెరుస్తోంది. తమ్ముడి కళ్ళు దాని మీంచి కదల్లేదు. ఆమె అన్నిటికంటే లావుపాటి తీగ మీటమంది. మీటాడు. ఆగి, అప్పుడు పలికింది.

"లావు తీగ మెల్లగా ఊగుతుందిరా. అది ఏ స్వరమో పోల్చుకోడానికి యంత్రానికి రవ్వంత సమయం కావాలి. రవ్వంతే ఉండాలి. ఇదేమో ఆవలించి, ఒళ్ళు విరుచుకుని లేస్తోంది. పాట అవతలి వీధికి పోయాక వస్తుంది నీ స్వరం."

మూడోది ఈ మట్టిరంగుది. పికప్‌ను తయారుచేసినవాడే ఒంట్లో కూర్చోబెట్టాడు. ఆరు తీగలకీ ఆరు వేరువేరు కళ్ళు. ఒక తీగ మాట ఇంకో తీగ ఎత్తుకోదు. ఆమె సన్నటి రేకు తీగకీ పికప్‌కీ మధ్య దూర్చి ఎడం చూసింది. మెడ మీద అడ్డంగా ఉన్న లోహపు ఫ్రెట్లన్నీ వేలితో తడిమింది. మెల్లగా వాయించమంది, గబగబా వాయించమంది, తీగ లాగమంది, అరచేత్తో తీగలు నొక్కిపెట్టి మీటమంది. వేలు తగిలీ తగలనట్టు తగిలితే దొంగస్వరం లేస్తుందేమోనని వింది. లేవలేదు. లావు తీగ మీటగానే పలికింది.

"రంగు బాలేదక్కా" అన్నాడు తమ్ముడు.

"వినేవాళ్ళు చెవుల్తో వింటారు. ఇదే."

అంతటితో ఊరుకున్నా బాగుండేది. అసలు పరీక్ష ఇప్పుడుంది అంటూ భర్తను కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంది. ఆయన కీబోర్డు మీద పదకొండేళ్ళుగా కూర్చుకున్న శబ్దాలన్నీ, ఆయన చేతులమీదుగానే, అప్పటికే తమ్ముడి సింథసైజర్లోకి ఎక్కి ఉన్నాయి. తెర అవతల ఒక కీబోర్డు, తమ్ముడి చేతిలో ఈ గిటారు. ఒకసారి షాపువాడు కీబోర్డు వాయించాడు, ఒకసారి తమ్ముడు గిటారు వాయించాడు. ఏది ఏదో చెప్పమంది.

భర్త చాలాసేపు విన్నాడు. గిటారు వాయించినప్పుడు కళ్ళు తెరవకుండానే, "ఇది నేనే" అన్నాడు.

ఆమె చప్పట్లు కొట్టి నవ్వింది. తమ్ముడి ఫోనులో అదంతా రికార్డవుతోందని కూడా చూసింది. సరదాకి అనుకుంది. ఆ రికార్డు మర్నాడే హోటలు మేనేజరు చెవిలో మోగిందనీ, నలుగురెందుకు ముగ్గురు చాలని మేనేజరు అన్నది అది వినేననీ డ్రమ్ములాయన ఆదివారం చెప్పేదాకా ఆమెకు తెలీదు.

తన మొగుడి చోటు ఖాళీ చెయ్యడానికి తనచేతనే పనిముట్టు ఎంపిక చేయించాడు. అదీ, తప్పు పట్టడానికి లేనంత మంచి పనిముట్టు. నమ్మించి గొంతు కోయడమంటే ఇంకేమిటి?

గిటారును సంచీలో పెట్టి, బూట్లు వేసుకుంది గిటారక్క.

*

హోటలు నేలమాళిగలో రిహార్సలు గది. ఒకపక్క గదిలో బల్లల మీద పరిచే గుడ్డలు ఇస్త్రీ చేస్తుంటారు. ఆ వేడి, ఆ తడిబట్టల వాసన గోడ దాటి వస్తాయి. పాడే అమ్మాయి ఇంకా రాలేదు. డ్రమ్ముల పెద్దాయన మరలు బిగించుకుంటున్నాడు. తమ్ముడు పాత గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, వాయించడం లేదు.

కీబోర్డు ఉండాల్సినచోట కీబోర్డు లేదు. తివాచీ మీద స్టాండు కాళ్ళు నొక్కుకున్న నాలుగు గుంటలు మాత్రం ఉన్నాయి. ఆమెకు ముందు అవే కనపడ్డాయి.

"అప్పుడే ఎత్తేశారా?" అంది.

"రా అమ్మా, కూర్చో" అన్నాడు పెద్దాయన. బ్యాండుకి ఆయనే పెద్ద. అందరికీ గురువుగారు, ఆమెకి మాత్రం బాబాయ్.

"కూర్చోడానికి రాలేదు బాబాయ్. రెండే మాటలు. అవి కూడా వీడితో." ఆమె సంచీ భుజం మీంచి దించలేదు. "మీ బావ పేరు జాబితాలో ఎక్కించు. గిటారు ఇక్కడ పెట్టి పోతా. కాదంటావా, ఇక్కణ్ణుంచి తిన్నగా షాపుకే. వెనక్కివ్వడానికి ఇంకా తొమ్మిది రోజుల గడువుంది. నేను బాలేదంటే వాళ్ళు మారు మాట్లాడకుండా తీసుకుంటారు."

"బాలేదని అబద్ధం చెప్తావా అక్కా?"

"నీ దగ్గరే నేర్చుకున్నా."

తమ్ముడు తల దించుకున్నాడు.

"నీళ్ళు నములుతావేం? పొద్దున చెప్పలేనన్నావు. ఇక్కడ మీ బావ లేడు, మా అత్తయ్య లేదు. చెప్పు. ఆ రికార్డు మేనేజరుకి వినిపించింది ఎవరు?"

"నేనే."

"ముగ్గురు చాలు అన్నప్పుడు, కాదు, మా బావ కూడా ఉండాలి అన్నావా?"

"లేదు."

"నన్ను షాపుకి తీసుకెళ్ళింది ఇందుకేనా?"

వాడు పెద్దాయన వైపు చూశాడు. ఆ తర్వాత, "అవును" అన్నాడు.

అవునంటాడని తెలిసే వచ్చింది. అయినా కాదంటాడేమో, ఏదో ఒక సాకు చెప్తాడేమో, చెప్తే తిట్టి, ఏడ్చి, ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెడదామని లోలోపల ఎక్కడో అనుకుంటూనే వచ్చింది.

"నీ మొదటి గిటారు నేను చేశాన్రా" అంది. "విరిగిన కుర్చీ చెక్కతో. పదిహేనేళ్ళు నాకప్పుడు. వేలు తెగి ఎముక కనపడితే నీకు చెప్పకుండా కట్టు కట్టుకుని చేశా. నువ్వు భయపడతావని. అలాంటి నన్ను పట్టుకుని... నా మొగుడి పొట్టకొట్టడానికి నా చెవినే వాడుకుంటావా? సరే. వాయించుకో. ఇవాళ్టితో నాకు తమ్ముడు లేడు. పోయాడు. ఎవరైనా అడిగితే అలాగే చెప్తా."

తమ్ముడి మొహం పాలిపోయింది. ఏడుపు ఆపుకోడానికి పెదవి కొరుక్కుంటున్నాడు.

మర బిగించే చప్పుడు ఆగింది.

"చాలమ్మా" అన్నాడు పెద్దాయన. "అంతదూరం వెళ్ళకు. వెనక్కి రాలేవు."

"మీరు కూడా వీడి పక్షమేనా బాబాయ్?"

"నేనెవరి పక్షమూ కాదు. కానీ చూస్తూ ఊరుకోడం కూడా పాపమే." ఆయన లేచి, గోడ దగ్గర పెట్టెలోంచి ఒక ఫైలు తీశాడు. హోటలు ఒప్పందాలు, పాటల జాబితాలు, సెలవు చీటీలు అన్నీ అందులోనే దాస్తాడు.

తమ్ముడు చటుక్కున లేచాడు. "గురువుగారూ, వద్దు! మాటిచ్చాం కదా!"

"నువ్విచ్చావు. నేనివ్వలేదు. నాలుగు రోజుల్నుంచి ఈ పిల్ల చేత చెయ్యని తప్పుకి తిట్లు తింటున్నావు. ఇంకెన్నాళ్ళు?" కాగితం తీసి గిటారక్క చేతికిచ్చాడు. "నీకు తెలుసనే అనుకుని ఆదివారం నోరు జారాను. తెలీదని తర్వాత అర్థమైంది. చదువు."

చేతిరాత చూడగానే పోల్చుకుంది. ఇంట్లో సరుకుల చీటీ కూడా ఇలాగే, ముత్యాల్లా రాస్తాడాయన. పైన తేదీ ఉంది. రెండు నెలల కిందటిది.

*గురువుగారికి నమస్కారాలు. రెండు నెలల తర్వాత నేను బ్యాండులో ఉండను. ప్రయాణికుల ఓడలో వాయించడానికి మూడేళ్ళకు ఒప్పుకున్నాను. నా బదులు ఇంకో మనిషిని వెతుక్కునే శ్రమ మీకు వద్దు. మా బావమరిది చేత సింథసైజర్ని నడిపే గిటారు కొనిపించండి. నా శబ్దాలన్నీ వాడికి ఎక్కించి ఇస్తాను. గిటారు ఎంచడానికి నా భార్యను తీసుకువెళ్ళండి. ఆమె ఎంచితే మళ్ళీ చూసుకోనక్కరలేదు. ఈ సంగతి ఆమెకు నేనే చెప్పుకుంటాను. దయచేసి మీరెవ్వరూ చెప్పవద్దు.*

గిటారక్క చివరిదాకా చదివింది. మళ్ళీ మొదటికి వచ్చింది. ఓడ అన్న మాట దగ్గర ఆగలేదు, మూడేళ్ళన్న మాట దగ్గర కూడా ఆగలేదు. 'ఆమె ఎంచితే మళ్ళీ చూసుకోనక్కరలేదు.' అక్కడ ఆగిపోయింది. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె పనిని ఆయన మెచ్చుకున్నది ఆ ఒక్క వాక్యంలోనే. అదీ ఆమెకు రాసిన ఉత్తరంలో కాదు.

షాపులో కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, "ఇది నేనే" అన్న మనిషి అప్పుడు ఏం వింటున్నాడో ఇప్పుడర్థమైంది. తను లేకపోయినా పని నడుస్తుందా లేదా అని విన్నాడు. నడుస్తుందని తేల్చుకున్నాడు. ఆమె చప్పట్లు కొట్టింది.

"రికార్డు?" అంది.

"బావే చెయ్యమన్నాడు. మేనేజరుకి వినిపించమన్నది కూడా బావే" అన్నాడు తమ్ముడు.

"మరి నేనన్ని మాటలంటుంటే ఎందుకు పడ్డావురా?"

"బావే చెప్తానన్నాడక్కా. ఆదివారం రాత్రికి చెప్తానన్నాడు. తర్వాత సోమవారం అన్నాడు. నిన్న ఫోను చేస్తే, 'ఇంకొక్క రెండు రోజులు ఓర్చుకో, అది నీ మీద కోపంలో ఉంది, అలాగే ఉండనీ, నాకు సులువు' అన్నాడు." వాడు మొహం తుడుచుకున్నాడు. "నేనూ మంచివాణ్ణి కాదక్కా. ఆశపడ్డా. ముగ్గురిలో ముందు నిలబడేది నేనే కదా అనిపించింది. బావ వెళ్తున్నాడని నీకు చెప్తే నువ్వు ఆపేస్తావు, అప్పుడు ఈ గిటారు రాదు. అందుకే నోరు మూసుకున్నా."

ఆమె వాణ్ణి దగ్గరికి తీసుకోలేదు. పొమ్మనలేదు కూడా. ఇందాక అన్న మాట ఇంకా ఆ గదిలోనే ఉంది. ఇద్దరికీ వినపడుతూనే ఉంది.

పెద్దాయన కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు. నాలుగు రోజులు వరసగా కళ్ళముందుకొచ్చాయి. గోడవైపు తిరిగిన వీపు. ముట్టుకోని కంచం. నా పరువు తియ్యకు అన్న మాట. కంచం తీసుకెళ్ళి మళ్ళీ వేడిచేసి తెచ్చింది తను. తల నిమిరింది తను. ఆయన కోసం ఒంటికాలి మీద లేచి, తోడబుట్టినవాణ్ణి చచ్చాడనుకున్నది కూడా తనే.

గోడ అవతల ఇస్త్రీవాళ్ళెవరో నవ్వుతున్నారు.

ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఫోను తీసింది. తమ్ముడు, "అక్కా, ఇంటికెళ్ళి మాట్లాడుదువుగాని" అంటున్నా వినకుండా భర్త నంబరు నొక్కింది. రెండో రింగుకే ఎత్తాడు.

"ఎక్కడున్నావ్?" అన్నాడు. గొంతులో నీరసం అలాగే ఉంది. ఎంత శ్రద్ధగా పెట్టుకున్నాడో!

"హోటల్లో. శుభవార్త చెబుదామని చేశా" అంది గిటారక్క. తనకింత నవ్వుతూ మాట్లాడడం వచ్చని ఆమెకే తెలీదు. "ఒప్పుకున్నారండీ. బాబాయ్, మావాడు ఇద్దరూ ఒప్పుకున్నారు. గిటారు షాపుకి వెనక్కి ఇచ్చేస్తున్నాం. మీ కీబోర్డు మీదే, మీ చోటు మీదే. ఇవాళ ఒక్కరోజే కాదు, మేనేజరు చేత ఏడాదికి రాయించేశా. లేచి స్నానం చేసి ఏడింటికల్లా వచ్చెయ్యండి."

అవతల చప్పుడు లేదు.

తమ్ముడు ఆమె మొహంలోకి చూస్తున్నాడు. పెద్దాయన చూపు తిప్పుకున్నాడు.

నిజంగా తోసేసిన మనిషయితే ఏమనాలి? నిజమా అనాలి. నువ్వెంత పని చేశావే అని మురిసిపోవాలి. కనీసం నిట్టూర్చాలి. గిటారక్క వేచి ఉంది. ఇప్పటికైనా, ఒక్క నిమిషం ఆగు, నీకొక సంగతి చెప్పాలి అంటాడేమోనని కూడా చూసింది. అలా అంటే ఏం చేసేదో ఆమెకే తెలీదు.

"ఇచ్చేశావా?" అన్నాడు ఆయన. నాలుగు రోజుల నీరసం ఎటు పోయిందో పోయింది. "గిటారు ఇచ్చేశావా ఏం?"

"ఇంకా లేదు. ఇక్కడే ఉంది."

"ఇవ్వొద్దు. విను, ఇవ్వొద్దు. ఏడాదికి రాయించడమేంటి, నన్నడక్కుండా? కాగితం మీద నా పేరు పెట్టలేదు కదా? నువ్వక్కడ ఎవరితోనూ ఏం మాట్లాడకు. నేను వస్తున్నా."

మంచం కిర్రుమంది. చెప్పుల కోసం వెతుక్కుంటున్న చప్పుడు. ఫోను ఆయన చేతిలోనే ఉంది, పెట్టేయడం మరిచిపోయినట్టున్నాడు. తలుపు తెరుచుకుంది. ఆ వెనక, పొద్దున వీధంతా వినపడేలా అరిచిన గొంతే, ఇప్పుడు రహస్యంగా, భయంభయంగా అడిగింది.

"ఏంట్రా, ఎక్కడికి? దానికి ఓడ సంగతి తెలిసిపోయిందా?"